తొలి కారు కొన్న అమ్మాయిలకు: హైదరాబాద్‌లో బండిని ఎలా చూసుకోవాలి

ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి, మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో అద్దె ఇంట్లో ఒక్కరే ఉంటూ మొదటిసారి కారు కొన్న అమ్మాయికి డ్రైవింగ్ అంత పెద్ద సమస్య కాదు. దాన్ని నెల రోజుల్లో డ్రైవింగ్ స్కూలువాళ్లు నేర్పిస్తారు. బండిలో ఏ శబ్దం మామూలుది, ఏది కాదు, మెకానిక్ మార్చాలంటున్న భాగం నిజంగానే అరిగిందా, వాన నీళ్లలో బండి ఆగిపోతే చేయకూడని పని ఏది అన్నవి మాత్రం ఎవరూ నేర్పరు. మన ఇళ్లలో ఇవన్నీ నాన్నగారో అన్నయ్యో చూసుకునే పనులుగా ఉండిపోయాయి కనుక, పాతికేళ్లు దాటినా ఒక్కసారైనా బానెట్ ఎత్తి చూడనివాళ్లం చాలామందిమి ఉన్నాం. పదేళ్లకు పైగా ఈ ఊళ్లో సొంత బండి నడిపాక నాకు అర్థమైంది ఏమిటంటే, కారు విషయంలో ధైర్యం రావడానికి మరమ్మతులు చేయడం తెలియనక్కరలేదు, బండి పరిస్థితిని మన కళ్లతో చూసి, ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటే చాలు. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

ముందు ఒక నోటు పుస్తకం

బండి చేతికొచ్చిన మొదటి ఆదివారం ఉదయం ఒక గంట తీరిక చేసుకోండి. గ్లవ్ బాక్సులో ఉండే ఓనర్స్ మాన్యువల్‌ను పక్కన పెట్టుకుని, బానెట్ తెరిచే లివర్ ఎక్కడుందో, ఎత్తిన బానెట్‌ను నిలబెట్టే కడ్డీ ఎక్కడ గుచ్చాలో, ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బా, బ్రేక్ ఆయిల్ డబ్బా, అద్దం కడిగే నీళ్ల డబ్బా, బ్యాటరీ, ఫ్యూజుల పెట్టె ఎక్కడున్నాయో ఒక్కొక్కటే వెతికి పట్టుకోండి. తర్వాత డిక్కీ తెరిచి, అడుగున ఉన్న అట్ట ఎత్తి, స్టెప్నీ (అదనపు చక్రం), జాకీ, చక్రం నట్లు విప్పే వీల్ పానా ఉన్నాయో లేవో చూడండి. పాత బండి కొన్నవారైతే ఇది తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే జాకీ లేదన్న సంగతి చాలామందికి టైరు పేలిన రోజునే తెలుస్తుంది.

ఆ పూటే ఒక చిన్న నోటు పుస్తకం మొదలుపెట్టండి. మొదటి పేజీలో బండి నంబరు, టైరు సైజు, ఒక్కో టైరులో ఉండవలసిన గాలి, ఇంజన్ ఆయిల్ గ్రేడు, ఇన్సూరెన్స్ పాలసీ నంబరు, అది ముగిసే తేదీ, పొల్యూషన్ సర్టిఫికెట్ ముగిసే తేదీ రాయండి. రెండో పేజీ నుంచి బండికి ఏ పని చేయించినా తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు, మార్చిన భాగం, ఇచ్చిన డబ్బు రాస్తూ పోండి. ఫోనులో రాసుకున్నా నష్టం లేదు గాని, బండిలోనే ఉండే పుస్తకాన్ని తెరిచి ఎదుటివారి ముందు పెట్టినప్పుడు మాట తీరు మారడం నేను చూశాను.

వారానికి పది నిమిషాలు

ఇంజన్ ఆయిల్‌ను ఉదయం, బండి స్టార్టు చేయకముందు చూడాలి. సెల్లార్‌లో ర్యాంపు మీద కాకుండా చదునైన చోట బండి ఉండాలి. డిప్‌స్టిక్ బయటికి తీసి, పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా లోపలికి దించి తీస్తే, కొన మీద ఉన్న రెండు గుర్తుల మధ్య నూనె తడి కనిపిస్తుంది. కింది గుర్తు కంటే తగ్గితే అదే గ్రేడు ఆయిల్ కొద్దికొద్దిగా పోయించాలి. పై గుర్తు దాటి పోయడం కూడా ఇంజన్‌కు మంచిది కాదు. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడవద్దు, కొన్నాళ్లు నడిచిన ఆయిల్ నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే మాత్రం కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించి, బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

కూలెంట్ డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ద్రవం ఆ రెండింటి మధ్య ఉండాలి. తగ్గిందని అపార్ట్‌మెంట్ కొళాయి కింద సీసా పట్టి పోయవద్దు. హైదరాబాద్ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. మన గీజర్లలోను, బకెట్ల అంచుల మీద తెల్లగా పేరుకునేదే కూలెంట్‌ను చల్లార్చే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. మాన్యువల్‌లో చెప్పిన కూలెంటే పోయాలి, మరీ అవసరమైతే డిస్టిల్డ్ వాటర్ వాడవచ్చు. బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గుతోందంటే చక్రాన్ని ఒత్తి ఆపే బ్రేక్ ప్యాడ్లు అరుగుతున్నాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం కనుక, దాన్ని నింపించి ఊరుకోకుండా కారణం వెతికించండి.

చివరగా, రాత్రంతా బండి నిలిపిన చోట నేల చూడండి. ఏసీ వేసిన తర్వాత కారే శుభ్రమైన నీళ్లు మామూలే. నల్లటి జిడ్డు మరకో, ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉన్న తడో కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి.

టైర్లు

బండి మొత్తం బరువు నేలను తాకేది నాలుగు అరచేతులంత మేర మాత్రమే కనుక, అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ టైర్ల మీదే పెట్టమని చెబుతాను. గాలి ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. చాలా చిన్న కార్లకు 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) మధ్య ఉంటుంది, నలుగురు సామానుతో ఎక్కినప్పటి లెక్క వేరుగా ఇస్తారు. పెట్రోల్ బంకులో గాలి కొట్టే అబ్బాయి "ఎంత పెట్టమంటారు మేడం?" అని అడిగితే "మీకు తెలిసినంత" అనవద్దు. స్టిక్కర్ మీది అంకె చెప్పి, కిందికి దిగి మీటరు చూడండి. పదిహేను రోజులకోసారి, బండి ఎక్కువ దూరం నడవకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి, ఎందుకంటే నడిచి వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీలో కూడా గాలి చూడమని అడగండి. అడగకపోతే ఎవరూ చూడరు. నైట్రోజన్ నింపించుకోవాలా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, క్రమం తప్పకుండా చూసుకుంటే మామూలు గాలి సరిపోతుంది.

టైరు మీది గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరితే ఆ టైరు పని అయిపోయినట్టే. కొలవడానికి పరికరం అక్కరలేదు: గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి, పైభాగం అరిగి వాటితో సమమైందంటే మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు బిల్లు కట్టకముందే ఈ సంఖ్య చదవండి. ఒక అంచు మాత్రమే అరుగుతుంటే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) చేయించాలి.

పంక్చర్ షాపుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టైరులో మేకు కనిపిస్తే మీరు లాగవద్దు; ట్యూబ్‌లెస్ టైరులో మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగానే పోతుంది, దగ్గరలోని షాపు దాకా నిదానంగా వెళ్లవచ్చు. అక్కడ బండి దిగి, టైరు పక్కనే నిలబడండి. సబ్బు నీళ్లు పోయించి, బుడగలు వచ్చే చోటును మీరు చూసి, సుద్దతో గుర్తు పెట్టించాకే పని మొదలుపెట్టమనండి. "మూడు పంక్చర్లున్నాయి మేడం" అంటే మూడు చోట్లా బుడగలు చూపించమని మర్యాదగా అడగండి. టైరు పక్కగోడకు కోత పడితే మాత్రం అతుకు వేయించకండి, ఎంత తక్కువకు వేస్తామన్నా సరే. ఆ భాగం మీద అతుకు నిలవదు, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద వేగంలో అది విడిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

టైరు మార్చడం ఒకసారి ఇంటి దగ్గరే, పగటిపూట, తీరిగ్గా చేసి చూడండి. బండిని చదునైన గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, ఎదురు మూలలోని చక్రానికి రాయి అడ్డం పెట్టండి. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు: చక్రం నేల మీద ఉండగానే నట్లను ఒక్కో పావు తిప్పు వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ ఎక్కించాలి. లేపిన తర్వాత బిగుసుకున్న నట్టు తిప్పబోతే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీద నుంచి జారవచ్చు. చేతి బలం చాలకపోతే పానాను నేలకు సమాంతరంగా తగిలించి, కాలితో మెల్లగా తొక్కండి. జాకీ ఎక్కడ పెట్టాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. వేరే చోట పెడితే రేకు సొట్టపోతుంది. స్టెప్నీ ఎక్కించాక నట్లను వరుసగా కాకుండా ఎదురెదురువి బిగించి, జాకీ దించాక మరోసారి గట్టిగా బిగించాలి. కొన్ని బండ్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది. దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని రాసి ఉంటుంది, అది పంక్చర్ షాపు దాకా చేరడానికి మాత్రమే.

డ్యాష్‌బోర్డు మీది దీపాలు

ఎరుపు రంగు వెలిగితే ఆపాలి, పసుపు వెలిగితే వీలైనంత త్వరగా చూపించాలి. నూనె కుప్పె ఆకారంలోని ఎర్ర దీపం నడుస్తుండగా వెలిగితే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఇంకో కిలోమీటరు నడిపితే ఇంజనే పాడైపోవచ్చు కనుక, పక్కకు తీసి వెంటనే ఆపేయండి. ఉష్ణోగ్రత దీపం ఎర్రబడితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, బండి ఆపడానికి వీలైన చోటు చూసుకోండి. హీటర్ ఇంజన్ వేడిని కొంత బయటికి లాగుతుంది. ఆపాక కనీసం అరగంట దాకా రేడియేటర్ మూత ముట్టవద్దు, ఒత్తిడితో చిమ్మే ఆ వేడి నీళ్లకు ముఖం, చేతులు కాలిపోతాయి.

మెకానిక్‌తో మాట్లాడే పద్ధతి

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌కు, తర్వాత మీ పేటలోనే నమ్మకమైన మెకానిక్ దగ్గరకు వెళ్లడం చాలామంది చేసే పని, అది తప్పు కాదు. ఎక్కడికి వెళ్లినా సర్వీసింగ్ గడువు మాన్యువల్‌లో చూసుకోండి. ఎక్కువ పెట్రోల్ కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, రెండింటిలో ఏది ముందొస్తే అది. వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల బండి మూడు వేల కిలోమీటర్లే తిరిగినా ఏడాదికి ఆయిల్ మార్చాల్సిందే.

బండి అప్పగించేటప్పుడు "ఏదో శబ్దం వస్తోంది" అనకండి. ఎడమ వైపా కుడి వైపా, బ్రేకు వేసినప్పుడా స్టీరింగ్ తిప్పినప్పుడా, చల్లగా ఉన్నప్పుడా గంట నడిచాకా అని గమనించి, ఆ మాటలే చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు మీద రాయించండి. కిలోమీటర్ల రీడింగు, పెట్రోల్ ముల్లు ఒకే ఫోటోలో పడేలా తీసుకోండి. పని మొదలుపెట్టకముందే ఎస్టిమేట్ రాసివ్వమనండి, అందులో లేని ఏ పనికైనా ముందు ఫోను చేసి అడగాలని చెప్పండి. ఇంజన్ ఫ్లష్ అనీ, అండర్‌బాడీ కోటింగ్ అనీ, ఏసీ క్లీనింగ్ అనీ ఎస్టిమేట్‌లో చేరుతుంటాయి. మాన్యువల్ షెడ్యూల్‌లో లేనిదాన్ని వద్దనడానికి మీరు సంజాయిషీ చెప్పక్కర్లేదు. మార్చిన పాత భాగాలను డిక్కీలో పెట్టించమనండి. ఈ ఒక్క మాట ముందే చెబితే అనవసరపు మార్పులు చాలావరకు తగ్గిపోతాయి.

నాలుగేళ్ల కిందట ఒక సర్వీస్ సెంటర్‌లో ముందు బ్రేక్ ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయనీ, మార్చకపోతే ప్రమాదమనీ నాతో చెప్పారు. బ్రేకు అనగానే నాకు భయం వేసింది, సరేనని చెప్పబోయాను కూడా. నోటు పుస్తకం తీసి చూస్తే, వాటిని మార్చి అయిదు నెలలే అయింది, అప్పటినుంచి బండి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఆ పేజీ చూపించి, చక్రం విప్పి ప్యాడ్ చూపించమని అడిగాను. విప్పారు. ప్యాడ్ మందం అర సెంటీమీటరుకు మించే ఉంది. సాధారణంగా మూడు మిల్లీమీటర్లకు దగ్గరపడితేనే మార్చాలి. ఎస్టిమేట్‌లో ఆ వరుస కొట్టేశారు. భయపెట్టే మాట విన్నప్పుడు ఒప్పుకోవద్దనీ అనను, కొట్టిపారేయమనీ అనను, చూపించమని అడగండి.

విడి భాగాలకు రాణిగంజ్ వైపు వెళ్లినవారు పెట్టె మీది పార్టు నంబరును పాత భాగం మీది నంబరుతో పోల్చి, బిల్లు తీసుకోవాలి.

కాగితాలు, ఇన్సూరెన్స్

ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోగాని ఎంపరివాహన్‌లోగాని చూపించినా చెల్లుతాయి. పాత బండి కొంటున్నవారు డబ్బు మొత్తం ఇవ్వకముందే పెండింగ్ చలాన్లు, బ్యాంకు అప్పు చూసుకుని, యాజమాన్యం మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించుకోవాలి. కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖ కార్యాలయానికి (ఆర్‌టీఏ) తెలియజేయాలి. విజయవాడ నుంచో గుంటూరు నుంచో నాన్నగారి ఏపీ నంబరు బండి తెచ్చుకున్నవారు ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పైగా, పాలసీలో ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల రూపాయల ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్నవారికే వర్తిస్తుంది. బండి నాన్నగారి పేరున ఉండి మీరు నడుపుతుంటే అది మీకు వర్తించదు కనుక, మీ పేరున వేరే ప్రమాద బీమా తీసుకోండి.

కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) ఒకేసారి మూడేళ్లకు ఇస్తారు కాబట్టి మొత్తం పాలసీయే మూడేళ్లదని కొందరు పొరబడతారు. మీ బండికి జరిగే నష్టం భరించే భాగం చాలా పాలసీల్లో ఏడాదికే ఉంటుంది. ఆ తేదీని వేరుగా రాసుకోండి. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, అయిదేళ్లకు 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పెరుగుతుంది. పాలసీ ముగిశాక 90 రోజులు దాటితే అది పోతుంది. బంపర్ మీద గీత పడితే క్లెయిము చేసేముందు, ఆ మరమ్మతు ఖర్చు ఎక్కువా, పోగొట్టుకునే బోనస్ ఎక్కువా అని లెక్క వేయండి.

ఈ ఊళ్లో ఉండేవారు ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తప్పక తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. 2020 అక్టోబరు వరదల్లో కాలనీలకు కాలనీలు మునిగి, సెల్లార్లలో కార్లు పైకప్పు దాకా నీళ్లలో ఉన్నాయి. మునిగిన బండిని స్టార్టు చేయబోతే, గాలి వెళ్లే దారిలోంచి నీళ్లు సిలిండర్లలోకి చేరతాయి. గాలిని నొక్కవచ్చు గాని నీటిని నొక్కలేం. పిస్టన్ ఆ నీటిని ఢీకొని పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇలా పాడైన ఇంజన్‌కు మామూలు పాలసీ సాధారణంగా డబ్బు ఇవ్వదు. అందుకే లింగంపల్లి రైల్వే వంతెన కింద లాంటి చోట నీళ్లు చక్రం సగం దాకా కనిపిస్తే వెనక్కి తిరగండి, ముందు బండి దాటిందని మీరూ దిగకండి. నీళ్లలో ఆగిపోతే తాళం మళ్లీ తిప్పనే వద్దు. దిగి, ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోను చేసి, బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపించాలి. భారీ వాన హెచ్చరిక ఉన్న రాత్రి సెల్లార్‌లోంచి బండి తీసి ఎత్తైన వీధిలో పెట్టడం అన్నిటికంటే మేలు.

రాత్రి బండి ఆగిపోతే

ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఆ నంబరును ఇవాళే ఫోనులో సేవ్ చేయండి. నగరం లోపల వీధిలో ఆగితే, దీపాలున్న చోటుకు నెట్టించుకుని, తలుపులు లాక్ చేసుకుని లోపలే ఉండి ఫోను చేయవచ్చు. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ మీద అలా చేయకూడదు. వేగంగా వచ్చే లారీ ఆగిన కారును ఢీకొట్టే ప్రమాదం లోపల కూర్చున్నవారికే ఎక్కువ. ఎడమ అంచుకు తీసి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, ఎడమ తలుపులోంచి దిగి, రెయిలింగ్ అవతల నిలబడండి. ట్రాఫిక్ ఆగిందని నిర్ధారించుకున్నాకే, వెనుక యాభై మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టండి. సందేహంగా ఉంటే పెట్టకుండానే పక్కకు వెళ్లండి. 112కు ఫోను చేసినప్పుడు ఏ ఎగ్జిట్ దాటారో, ఏ వైపు వెళుతున్నారో చెప్పి, ఇంటివారికో స్నేహితురాలికో లొకేషన్ పంపండి. సాయం చేస్తామని ఆగినవారికి కృతజ్ఞత చెప్పి, మనుషులు వస్తున్నారని చెప్పండి. తాళం ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

బండి ఎత్తుకెళ్లే ట్రక్కు వచ్చాక, డ్రైవరు చెప్పిన కంప్లయింటు నంబరు మీ ఫోనుకు వచ్చినదేనా అని సరిచూసుకోండి. కారు ఎక్కించకముందు నాలుగు వైపులా, రీడింగుకూ ఫోటోలు తీయండి. గ్లవ్ బాక్సులోంచి ఒరిజినల్ కాగితాలు, నోటు పుస్తకం తీసుకోండి. తాళాల గుత్తి నుంచి కారు తాళం మాత్రమే విడదీసి ఇచ్చి, ఇంటి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.